ఉచిత పరీక్ష ఖరీదు

కృష్ణా జిల్లా అనగానే కాలువలు, వరిచేలు, గట్లమీది కొబ్బరిచెట్లు మన కన్నులముందు మెదలును. కాని విజయవాడనుండి హైదరాబాదు రహదారి పట్టి పడమరగా సాగినచో కొంతసేపటికే ఆ పచ్చదనము వెనుకబడిపోవును. కంచికచర్ల దాటి నందిగామ, అది దాటి జగ్గయ్యపేట: ఇది మెట్టసీమ. ప్రత్తి, మిరప, అపరాలు ఇక్కడి పంటలు. నేలక్రింద సున్నపురాయి, దానిని నమ్ముకొన్న సిమెంటు కర్మాగారములు. మున్నేరు, పాలేరు వానకాలమున పొంగి, వేసవిలో ఇసుకను చూపు ఏళ్ళు. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతము కొత్తగా ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. మనము చెప్పుకొనబోవు సంగతులు జరిగిన నాటికి మాత్రము ఇది కృష్ణా జిల్లాయే.

ఈ మెట్టకు వేరొక లక్షణము కలదు. ఇది ఎప్పుడును ఒక గడప. బేతవోలను పల్లెకు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరుపెట్టి పేటగా తీర్చిన నాటినుండియు ఇది బాటమీది ఊరే. బ్రిటిషువారి కాలమున మద్రాసు రాజధానికిని నైజాము రాజ్యమునకును సరిహద్దు ఈ ప్రాంతముననే ఉండెడిది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించి ఆ గీత చెరిగినది. 2014 జూన్ 2న మరల పడినది. జగ్గయ్యపేట దాటి గరికపాడు చేరినచో పాలేటి వంతెన; ఆవల తెలంగాణ. మామూలు దినములలో ఈ గీత ఎవరి కంటికిని కనబడదు. ఉదయము కోదాడలో పని చూచుకొని మధ్యాహ్న భోజనమునకు పేటకు వచ్చువారు ఎందరో. తల్లిదండ్రుల సేద్యము నందిగామ దాపున, పిల్లల చదువు హైదరాబాదున.

2020 మార్చిలో ఆ గీత గోడయైనది.

ఆ నెల 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించినది. మరునాడే నెల్లూరులో ఆంధ్రప్రదేశ్ తొలి కేసు బయటపడినది. 25న దేశమంతట లాక్‌డౌను అమలులోనికి వచ్చినది. హైదరాబాదులో వసతిగృహములు మూతపడుచున్నవని భయపడిన విద్యార్థులు, చిరుద్యోగులు పెద్దసంఖ్యలో స్వస్థలములకు బయలుదేరి గరికపాడు చెక్‌పోస్టు వద్ద నిలిచిపోయినారు. లోనికి రాదలచినవారు పదునాలుగు దినములు క్వారంటైనులో ఉండవలెనని రాష్ట్రప్రభుత్వము షరతు పెట్టినది.

ఆ రాత్రి అక్కడ నిలబడిన అధికారికి గాని, సంచి భుజమున వేసికొన్న విద్యార్థికి గాని ఒక్క సంగతి తెలియదు: ఈ గుంపులో వ్యాధి ఎవరికి ఉన్నది? నుదుటికి ఎదురుగా పట్టిన యంత్రము ఒంటివేడిని చెప్పగలదు. జ్వరము రాని మనిషి గొంతులో దాగిన క్రిమిని చెప్పలేదు. పరీక్ష లేనిచోట పంచాంగమే పరీక్ష. దినములు లెక్కపెట్టి, వ్యాధి బయటపడనిచో లేదనుకొనుట. పంతొమ్మిదవ శతాబ్ది చివర ప్లేగు వచ్చినపుడు మద్రాసు రాజధానిలో వ్యాధిప్రాంతములనుండి వచ్చు ప్రయాణికులకు ‘ప్లేగు పాస్‌పోర్టు’లిచ్చి, కొన్ని దినములపాటు అధికారులకు కనబడుచుండవలెనని శాసించినారు. నూటయిరువది యేండ్లు గడచినను, ఆ రాత్రి గరికపాడు వద్ద మనకున్న ఉపాయము అదియే.

పరీక్ష ఉన్నచో ఆరోగ్యవంతుడు ఇంటికి పోవును, రోగి వైద్యునివద్దకు పోవును. లేనిచో ఇద్దరికిని ఒకే శిక్ష. కాబట్టి పరీక్షలను ఎవరి ధనముతో కొన్నారు, ఏ వెలకు కొన్నారు, ఏ ఊరికి ఎన్ని దినములలో చేర్చినారు అను ప్రశ్నలు లెక్కల పుస్తకములకు విడిచిపెట్టదగినవి కావు. అవి పౌరులందరును అడిగి తెలిసికొనవలసినవి.

మూడు పరీక్షలు, మూడు సాక్ష్యములు

ముందుగా పరీక్షల సంగతి. ప్రజలు ‘కరోనా పరీక్ష’ అని ఒకే పేరుతో పిలిచినది నిజమునకు మూడు వేర్వేరు పరీక్షలు.

మొదటిది ఆర్.టి.-పి.సి.ఆర్. ముక్కునుండి, గొంతునుండి పుల్లకు చుట్టిన దూదితో నమూనా తీసి, ద్రవముగల గొట్టములో ఉంచి, చల్లని పెట్టెలో ప్రయోగశాలకు పంపుదురు. అక్కడ వైరసులోని ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా మార్చి, దానిని రెట్టింపు చేయుచు పోవుదురు. ఒకటి రెండగును, రెండు నాలుగగును. చదరంగపు గడులలో గింజల కథ చెప్పిన ఉపాధ్యాయులకు ఈ లెక్క కొత్త కాదు: ముప్పది రెట్టింపులలో ఒక్క పోగు 107 కోట్లు దాటును. కంటికి అందనిది యంత్రమునకు అందును. 1983లో ఈ పద్ధతిని కనుగొన్న కేరీ మల్లిస్‌కు 1993లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. ఈ పరీక్షయే ప్రమాణము. అయితే దీనికి ప్రయోగశాల కావలెను, శిక్షణ పొందినవారు కావలెను, కొన్ని గంటల కాలము కావలెను.

రెండవది యాంటిజెన్ పరీక్ష. ఇది వైరసులోని మాంసకృత్తును పట్టి చూపును. అరగంటలో చెట్టుక్రింద కూర్చుండి చేయవచ్చును. అయితే క్రిమి కొద్దిగా ఉన్నచో పట్టలేదు. అందువలననే 2020 జూన్ 14న దీనిని అనుమతించిన భారత వైద్య పరిశోధన మండలి, లక్షణములు ఉండియు ఫలితము నెగెటివ్ వచ్చినవారికి ఆర్.టి.-పి.సి.ఆర్. తప్పక చేయవలెనని చెప్పినది.

మూడవది యాంటీబాడీ పరీక్ష. ఇది క్రిమిని చూడదు. క్రిమిపై మన శరీరము తయారుచేసికొన్న ఆయుధములను చూచును. అవి పుట్టుటకు వారము పది దినములు పట్టును. దొంగ ఇంటిలో ఉండగా పట్టించునది మొదటిది. దొంగతనము జరిగినదని తరువాత చెప్పునది మూడవది. ఒక ఊరిలో ఎందరికి వ్యాధి వచ్చిపోయినదో లెక్కించుటకు పనికివచ్చును గాని, ఈ రాత్రి ఎవరిని వేరుగా ఉంచవలెనో చెప్పుటకు పనికిరాదు.

ఈ భేదము తెలియక కొన్న కిట్టు ఎంత చౌకయైనను నష్టమే.

ధనము ఏ చేతినుండి

ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష ఉచితము. ‘ఉచితము’ అనగా వేరొకరు చెల్లించినారని అర్థము. ఆ వేరొకరు ఎవరు?

2020 మార్చి 14న కేంద్ర హోంశాఖ, రాష్ట్ర విపత్తు స్పందన నిధిని కోవిడ్ పనులకు వాడుకొనుటకు అనుమతించినది. అదనపు ప్రయోగశాలల ఏర్పాటు, నమూనాల సేకరణ అందులో చేరినవి. మామూలుగా తుపానులకు, వరదలకు ఉద్దేశించిన నిధి ఇది. ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రములలో ఇందులో 75 పాళ్ళు కేంద్రమువి, 25 పాళ్ళు రాష్ట్రమువి. ఏప్రిల్ 3న కేంద్రము రాష్ట్రములన్నిటికి కలిపి 11,092 కోట్ల రూపాయలు ముందుగా విడుదల చేసినది. అందులో ఆంధ్రప్రదేశ్ వంతు 559.50 కోట్లు. ఆ నెల 22న కేంద్ర మంత్రివర్గము 15,000 కోట్ల అత్యవసర ప్రణాళికను ఆమోదించినది. తొలి నెలలలో పరీక్షలకు కావలసిన రసాయనములను, కిట్లను వైద్య పరిశోధన మండలి రాష్ట్రములకు సరఫరా చేసినది. ప్రయోగశాలలు నడుపుట, మనుష్యులను నియమించుట, నమూనాలు తెప్పించుట, తరువాత కిట్లు కొనుట రాష్ట్రముల భారము. మున్నేటి వరదకు దాచిన డబ్బు ముక్కునుండి తీసిన నమూనాకు ఖర్చయినదన్నమాట. వరదయు వ్యాధియు ఒకే యేట వచ్చినచో ఏమి చేయవలెనను ప్రశ్న అప్పుడే తలయెత్తినది.

ప్రైవేటు ప్రయోగశాలల సంగతి వేరు. 2020 మార్చి 21న వైద్య పరిశోధన మండలి అక్కడ పరీక్ష వెల 4,500 రూపాయలు మించరాదని చెప్పినది. ఆ యేడు గ్రామీణ ఉపాధిహామీ పథకమున మన రాష్ట్రమున దినకూలి 237 రూపాయలు. అనగా ఒక్క పరీక్ష పందొమ్మిది దినముల కూలి! ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ప్రైవేటు ప్రయోగశాలలు కూడ పరీక్షలు ఉచితముగా చేయవలెనని మధ్యంతర ఆజ్ఞ ఇచ్చినది. ‘ఈ ఖర్చు మేమెట్లు భరింతుము?’ అని ప్రయోగశాలలవారు మొరపెట్టుకొనగా, 13వ తేదీన ఆ ఆజ్ఞను సవరించి, ఆయుష్మాన్ భారత్ పరిధిలోనివారికిని ఆర్థికముగా వెనుకబడిన వర్గములకును దానిని పరిమితము చేసినది. మే నెలాఖరున 4,500 పరిమితియే తొలగి, వెల నిర్ణయము రాష్ట్రములకు వచ్చినది. మన రాష్ట్రము వెలను దఫదఫాలుగా తగ్గించుచు 2021లో 499 రూపాయలకు, 2022 జనవరిలో 350 రూపాయలకు తెచ్చినది. రెండేండ్లలో వెల సుమారు పదమూడింట ఒక వంతుకు దిగినది. పరీక్ష చేయు పద్ధతి మారలేదు. కిట్లు దేశములో విరివిగా తయారైనవి, కొనుగోళ్ళు పెరిగినవి, పోటీ వచ్చినది. మొదటి నెలలలో పందొమ్మిది దినముల కూలి చెల్లించలేక పరీక్ష మానుకొన్నవానికి మాత్రము ఆ తగ్గింపు అందలేదు. అందువలననే ప్రభుత్వధనము ఎక్కువగా కావలసినది ఆరంభములోనే. వస్తువు అరుదై, వెల మండిపోవు దినములలోనే.

కిట్ల బేరము

ఆరంభములోనే తొందర కూడ ఎక్కువ; తొందరలో బేరము చెడును. 2020 ఏప్రిల్ 17న దక్షిణ కొరియానుండి లక్ష రాపిడ్ కిట్లు విమానమున మన రాష్ట్రమునకు వచ్చినవి. ఒక్కొక్కటి 730 రూపాయలు. అంతలోనే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము అటువంటి కిట్లనే 337 రూపాయలకు కొన్నదని తెలిసినది. ప్రతిపక్షములు విమర్శించినవి. దేశములో ఎవరికైనను ఇంతకంటె తక్కువకు అమ్మినచో ఆ తక్కువ వెలయే చెల్లింతుమని తాము ఒప్పందమున ముందే వ్రాయించుకొన్నామని రాష్ట్రప్రభుత్వము సమాధానమిచ్చినది. రాజకీయము సంగతి అటుంచి, ఆ నిబంధనను మన విద్యార్థులు గుర్తుంచుకొనదగును. వెల తెలియని అంగడిలో కొనవలసివచ్చినపుడు కొనువానికి రక్ష అట్టి షరతే.

కేంద్రము విషయములోను ఇట్టిదే జరిగినది. చైనానుండి 245 రూపాయలకు దిగుమతియైన యాంటీబాడీ కిట్టు వైద్య పరిశోధన మండలికి 600 రూపాయలకు ఒప్పందమైనది. దిగుమతిదారుకును పంపిణీదారుకును తగవు వచ్చి ఢిల్లీ హైకోర్టుకెక్కుటవలన ఈ సంగతి లోకమునకు తెలిసినది. కిట్టు 400 మించరాదని హైకోర్టు చెప్పినది. ఈలోగా ఆ కిట్ల ఫలితములు ఒకదానికొకటి పొసగుట లేదని రాష్ట్రములు ఫిర్యాదుచేయగా, ఏప్రిల్ 27న మండలి ఆ రెండు కంపెనీల కిట్లను వాడవద్దని, తిప్పి పంపవలెనని ఆదేశించినది. డబ్బు ముందుగా చెల్లించలేదు గనుక ఒక్క రూపాయియు నష్టము రాలేదని కేంద్రము ప్రకటించినది. రూపాయలు మిగిలినవి, నిజమే. అమూల్యమైన ఆ ఏప్రిల్ నెల మాత్రము తిరిగి రాలేదు.

ధనిక దేశములకు కూడ ఈ కష్టము తప్పలేదు. 2020 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ సంస్థ తయారుచేసి రాష్ట్రములకు పంపిన కిట్లు లోపముతో బయటపడి, విలువైన వారములు వృథా అయినవి. దక్షిణ కొరియా మాత్రము 2015లో మెర్స్ వ్యాధితో దెబ్బతిని పాఠము నేర్చుకొన్నది. దేశీయ కంపెనీల కిట్లను వేగముగా అనుమతించు చట్టము ముందే చేసికొన్నందున, 2020 ఫిబ్రవరి మొదటి వారముననే అక్కడ కిట్టు సిద్ధమైనది. మనకు ఏప్రిల్‌లో అక్కడినుండి కిట్లు వచ్చుటకు వెనుక ఉన్నది అయిదేండ్లనాటి ఆ ముందుచూపే.

దూరమును గెలుచుట

కొన్న కిట్టు గిడ్డంగిలో ఉన్నంతవరకు అది పరీక్ష కాదు. నమూనా ప్రయోగశాలకు చేరి, ఫలితము తిరిగి మనిషికి చేరినపుడే అది పరీక్ష యగును. 2020 ఆరంభములో మన రాష్ట్రపు నమూనాలు పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థకు పోవలసివచ్చెడిది. తరువాత తిరుపతి స్విమ్స్‌లోను, విజయవాడ సిద్ధార్థ వైద్యకళాశాలలోను, ఇతర వైద్యకళాశాలలలోను పరీక్షలు ఆరంభమైనవి. పూనా దూరము విజయవాడ దూరమైనది. నందిగామకు అది సుమారు ఏబది కిలోమీటర్లు, జగ్గయ్యపేటకు ఎనుబదికి లోపు.

ఇక్కడ మన రాష్ట్రము చేసిన ఒక మంచి యోచనను చెప్పుకొనవలెను. క్షయవ్యాధిని గుర్తించుటకు గోవాలో తయారగు ట్రూనాట్ యంత్రములు అప్పటికే మన ఆసుపత్రులలో ఉన్నవి. చిన్న పెట్టెయంత యంత్రము. బ్యాటరీతో కూడ నడచును. సుమారు గంటలో ఫలితము చెప్పును. వాటిని కోవిడ్ పరీక్షకు మలచుకొన్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ముందున్నది. పెద్ద ప్రయోగశాలకు నమూనాను పంపుటకు బదులు, చిన్న ప్రయోగశాలనే నమూనా దగ్గరకు తెచ్చుట ఇందలి సూక్ష్మము. ఏప్రిల్ చివరకు జనాభా నిష్పత్తిలో చేసిన పరీక్షల లెక్కన మన రాష్ట్రము దేశములో ముందుకు వచ్చినది. జులైలో ఆర్.టి.సి. బస్సులను మార్చి ‘సంజీవని’ అను పేర నమూనాలు సేకరించు సంచార కేంద్రములుగా పంపినారు. ఆశా కార్యకర్తలు, ఎ.ఎన్.ఎమ్.లు, ఏబది ఇండ్లకొకరు చొప్పున అప్పుడుండిన గ్రామ వాలంటీర్లు ఇంటింటికి తిరిగి జ్వరపీడితుల జాబితాలు వ్రాసినారు. నవంబరు చివరకు రాష్ట్రమున పరీక్షలు కోటి దాటినవి.

కోటి గొప్ప సంఖ్యయే. అయితే సంఖ్య ఒక్కటే కొలత కాదు. జగ్గయ్యపేట దాపున ఒక పల్లెలో మిరపకోతకు పోవు కూలి ఒకడు ఉన్నాడనుకొందము. వ్యాధి సోకిన అయిదవ దినమున అతనికి దగ్గు మొదలైనది. దానికి రెండు దినములు ముందునుండియే అతడు ఇతరులకు వ్యాధిని అంటించుచున్నాడు. నమూనాలు తీయు శిబిరము ఊరికి వచ్చువరకు రెండు దినములు, ఫలితము వచ్చువరకు నాలుగు దినములు పట్టినవనుకొందము. పాజిటివ్ అని తెలియు నాటికి సోకి పదునొకండు దినములు. అంటించు కాలము చాలవరకు గడచిపోయినది. అతనితో కలిసి కోసినవారు ఇండ్లకు వెళ్ళినారు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట ఇదియే. ఖాతాలో మాత్రము అదియు ఒక పరీక్షగానే లెక్కకు వచ్చును. అదే పరీక్ష అయిదవ దినముననే ముగిసినచో, ఖర్చు అంతే, ఫలము పదిరెట్లు.

2021 వేసవిలో రెండవ ఉప్పెన వచ్చినపుడు ఈ నిజము కఠినముగా తెలిసినది. మే 16న ఒక్కదినమున రాష్ట్రమున 24,171 కేసులు నమోదైనవి. ప్రయోగశాలల వద్ద నమూనాలు పేరుకొన్నవి. ఫలితము కొరకు దినముల తరబడి వేచియుండలేక, ఊపిరి అందక, ఎందరో సి.టి. స్కానుల వద్దకు పరుగెత్తినారు. ప్రభుత్వము ఆ స్కానునకు 3,000 రూపాయల గరిష్ఠ వెల నిర్ణయింపవలసివచ్చినది. ఉచిత పరీక్ష ఆలస్యమైనచో దాని వెల మూడువేలు. ఆ మే నెలలోనే గడప తలక్రిందులైనది. ఆంధ్రనుండి హైదరాబాదు ఆసుపత్రులకు పోవు అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులలో నిలిపివేసినారు. 14వ తేదీన తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తరువును ఆపినది. మొదటియేట లోనికి రానీయని గీత, రెండవయేట బయటకు పోనీయలేదు.

ఇంటింటికి కిట్టు పంపిన దేశములు కూడ కలవు. 2022 జనవరినుండి అమెరికా ప్రభుత్వము కోరిన ఇంటికి నాలుగేసి కిట్లు తపాలాలో ఉచితముగా పంపినది. ఇంగ్లండులో అందరికిని ఉచితముగా ఇచ్చిన కిట్లు 2022 ఏప్రిల్ 1 నుండి చాలవరకు ఆగిపోయినవి. మన దేశమున ఇంటివద్ద చేసికొను తొలి కిట్టు 2021 మేలో 250 రూపాయల వెలతో అనుమతి పొందినది. అది కొనగలవారి వస్తువుగానే మిగిలినది.

జట్టు లెక్క

కిట్లు తక్కువ, మనుష్యులు ఎక్కువ అయినపుడు గణితము తోడుపడును. 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ అను అమెరికా పండితుడు, సైనికులకు సుఖవ్యాధి పరీక్షలు చేయుటకు ఒక ఉపాయము చెప్పినాడు: పలువురి రక్తమును కలిపి ఒకేసారి పరీక్షింపుడు, లేదని వచ్చినచో అందరికిని లేనట్లే. 2020 ఏప్రిల్ 13న మన వైద్య పరిశోధన మండలి దీనినే అయిదేసి నమూనాలకు అనుమతించినది.

నూరుగురు ఉపాధ్యాయులను తీసికొందము. అందులో ఒక్కరికే వ్యాధి ఉన్నదనుకొందము. అయిదుగురు చొప్పున ఇరువది జట్లు, ఇరువది పరీక్షలు. ఒక జట్టు మాత్రమే పాజిటివ్. ఆ అయిదుగురికి విడివిడిగా మరి అయిదు. మొత్తము ఇరువదియైదు పరీక్షలతో నూరుగురి సంగతి తేలినది. డెబ్బదియైదు కిట్లు మిగిలినవి. ఇప్పుడు నూటికి ఇరువదిమందికి వ్యాధి ఉన్నదనుకొనుడు. వారు జట్టునకొకరు చొప్పున పడినచో ఇరువది జట్లును పాజిటివ్. మొత్తము నూటయిరువది పరీక్షలు! ఒంటరి పరీక్షలే నయము. అందుచేతనే వ్యాధి నూటికి ఇద్దరికంటె తక్కువగా ఉన్నచోట్ల ఈ పద్ధతిని వాడవలెనని, అయిదుగురు మించినచో వాడరాదని మండలి చెప్పినది. వ్యాధి తక్కువగా ఉన్న తొలిదినములలోనే కిట్టు ఎక్కువ పని చేయును; ఆలస్యమైనకొలది దాని శక్తి తగ్గును.

ఇది ఊహాలెక్క మాత్రమే కాదు. 2020 నవంబరు 2న మన రాష్ట్రమున తొమ్మిది, పది తరగతులకు బడులు తెరచినపుడు ఉపాధ్యాయులకు, విద్యార్థులకు పరీక్షలు చేసినారు. డెబ్బదివేలకు పైగా ఉపాధ్యాయులలో 829 మందికి, తొంబదియైదువేలకు పైగా విద్యార్థులలో 575 మందికి వ్యాధి ఉన్నట్లు తేలినది. నూటికి సుమారు ఒకరు. పై లెక్కలోని మొదటి ఉదాహరణమే. కొందరు ఈ సంఖ్యలు చూచి బడులు తెరచుట తప్పన్నారు. కాని పరీక్ష వ్యాధిని పుట్టించలేదు, ఉన్నదానిని చూపినది. పరీక్ష లేకున్నచో ఆ 829 మంది నల్లబల్లల ముందు నిలబడియే ఉందురు.

ఉచితము కానిది

మరల మిరపకోత కూలి వద్దకు వత్తము. పరీక్ష అతని యింటి ముంగిటికే, ఉచితముగా, ఆలస్యము లేక వచ్చినదనుకొందము. అయినను అతడు ముక్కు చూపక ప్రక్కసందున తప్పించుకొనిపోవును. మనము అతనిని అజ్ఞాని యందుము. అతడు మనకంటె లెక్క ఎరిగినవాడు. పాజిటివ్ అని వచ్చినచో పదునాలుగు దినములు ఇల్లు కదలరాదు. దినమునకు 237 చొప్పున 3,318 రూపాయలు పోవును. కోతకాలమున మిరపచేను అతనికొరకు ఆగదు. పరీక్ష చేయించుకొననిచో, బహుశః ఏమియు కాదు. ఉచిత పరీక్ష ఖరీదు అతనికి 3,318 రూపాయలు.

రాష్ట్రప్రభుత్వము ఈ సంగతి గ్రహింపకపోలేదు. క్వారంటైను ముగించి ఇంటికి పోవు పేదలకు 2,000 రూపాయలు ఇచ్చు ఏర్పాటు 2020 ఏప్రిల్‌లో చేసినది. బ్రిటిషు ప్రభుత్వము అదే సంవత్సరము సెప్టెంబరు 28 నుండి ఇంట నిలువవలసిన అల్పాదాయులకు 500 పౌన్లు ఇచ్చినది. ఈ డబ్బును దానమనుకొనరాదు. కిట్టునకు, రసాయనమునకు, బస్సునకు పెట్టు ఖర్చు వంటిదే ఇదియు. మన రెండువేలకును కూలివాని లెక్కకును మధ్య 1,318 రూపాయల వెలితి ఉన్నది. ఆ వెలితి గుండా వ్యాధి జారిపోవును. కోట్ల రూపాయల కిట్లు కొని, ఈ చివరి వెలితిని పూడ్చకపోవుట, కాలువ తవ్వి చివరి తూము కట్టకపోవుట వంటిది. మెట్టవారికి ఈ మాట ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు.

మిగిలినది

ఆ రోజులు గడచినవి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. వ్యాధి వెడలినను ప్రయోగశాలలు మిగిలినవి. ఒక్క పూనాతో మొదలైన దేశమున 2020 జూన్ చివరకే వేయి ప్రయోగశాలలు కోవిడ్ పరీక్షకు అర్హత పొందినవి. పి.సి.ఆర్. యంత్రము కోవిడ్‌నే చూడవలెనను నియమము లేదు. ట్రూనాట్ పుట్టినదే క్షయ కొరకు. క్షయ మన పల్లెలను విడువలేదు. సున్నపురాయి దుమ్ములో పనిచేయువాని దగ్గు దుమ్ముదో, క్షయదో ఒక గంటలో తేల్చగల యంత్రము మూలపడి ఉండుట కంటె వ్యర్థము వేరొకటి లేదు. యంత్రమును కొనుట ఒక్కసారి ఖర్చు. దానిని నడుపు మనిషికి జీతము, దానిలో వేయు చిప్పునకు డబ్బు ఏటేట ఖర్చు. మహమ్మారి నాడు మొదటిదానికి నిధులు దొరకును. శాంతికాలమున రెండవదానిని ఎవరును అడుగరు. అడుగవలెను. తరువాతి మహమ్మారి నాడు పనికివచ్చునది నేడు వాడుకలో ఉన్న ప్రయోగశాలయే, తుప్పుపట్టినది కాదు.

ఉపాధ్యాయులు తమ తరగతిలో ఒక చిన్న అభ్యాసము ఇయ్యవచ్చును. ప్రతి విద్యార్థియు తన ఊరినుండి పి.సి.ఆర్. పరీక్ష చేయు దగ్గరి ప్రయోగశాల ఎక్కడ ఉన్నదో తెలిసికొని, దూరమును కిలోమీటర్లలో కాక గంటలలో వ్రాయవలెను: నమూనా పోవుటకు ఎన్ని గంటలు, పరీక్షకు ఎన్ని, ఫలితము తిరిగి వచ్చుటకు ఎన్ని. దాని ప్రక్కన తన ఊరి దినకూలి వ్రాయవలెను. గంటలను దినములుగా మార్చి దినకూలితో గుణించినచో, ఆ ఊరిలో ఉచిత పరీక్ష ఖరీదు ఎంతో కొంతవరకు తెలియును. చందర్లపాడు పిల్లవానికి ఒక జవాబు, వత్సవాయి పిల్లకు వేరొక జవాబు, విజయవాడ పిల్లవానికి ఇంకొకటి వచ్చును. ఆ జవాబులు అన్నియు ఒకటిగునట్లు చేయుటయే ప్రజాధనమునకు తగిన పని.